ముంబై ఎస్ప్లనేడ్ మాన్షన్: పాత ఇనుప భవనానికి అంత విలువ ఎందుకు? (తరచుగా అడిగే ప్రశ్నలు)

అసలు ఇది ఏ భవనం? ఎక్కడుంది?

దక్షిణ ముంబైలో, ఫోర్ట్ ప్రాంతంలో, కాలా ఘోడా దగ్గర ఉంది. ఒకవైపు ముంబై విశ్వవిద్యాలయం, మరోవైపు కోర్టులు. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ చూడ్డానికి వెళ్లినవాళ్లు దీని పక్క నుంచే నడిచి ఉంటారు, కానీ ఆగి చూసి ఉండరు. ఐదంతస్తుల పొడుగాటి కట్టడం, చుట్టూ ఇనుప స్తంభాల వరసలు, బాల్కనీలు. ఏళ్ల తరబడి తుప్పు, ప్లాస్టిక్ పట్టాలు, ఎటుపడితే అటు వేలాడే కరెంటు వైర్ల వెనక దాక్కుని ఉండేది. పక్కనున్న రాతి భవనాల దర్జా ముందు ఇది పాడుబడ్డ గోడౌన్‌లా కనిపించేది. చరిత్ర పరంగా మాత్రం చుట్టుపక్కల దీనికి సాటి వచ్చేవి తక్కువ. మన దేశంలో మిగిలిన పోత ఇనుప భవనాల్లో అన్నిటికన్నా పాతది ఇదే అంటారు.

వాట్సన్స్ హోటల్, మహేంద్ర మాన్షన్, ఎస్ప్లనేడ్ మాన్షన్... ఇవన్నీ ఒకటేనా?

ఒకటే. కట్టించినాయన జాన్ హడ్సన్ వాట్సన్ పేరు మీద వాట్సన్స్ ఎస్ప్లనేడ్ హోటల్ అయింది. చేతులు మారాక మహేంద్ర మాన్షన్ అన్నారు, తర్వాత ఎస్ప్లనేడ్ మాన్షన్ అన్నారు. కోర్టు కాగితాల్లో, మున్సిపల్ రికార్డుల్లో ఈ చివరి పేరే వాడుకలో ఉంది.

ఇది హోటలా, షాపా, నివాసాలా?

మూడూ. వాట్సన్ బట్టల వ్యాపారి. స్థలం కొన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది షోరూము, ఆఫీసు. పని సాగుతున్న కొద్దీ అది హోటల్‌గా మారింది. 1871లో తెరిచారు. పైన 130 గదులు, కింద లాబీ, రెస్టారెంటు, బార్. మధ్యలో దాదాపు 30 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పున పెద్ద హాలు, దాని మీద గాజు కప్పు. ఆ హాల్లో దొరలు, దొరసానులు డ్యాన్సులు చేసేవాళ్లు. వడ్డించడానికి అమ్మాయిల్ని కూడా ఇంగ్లండు నుంచే రప్పించారు. వాట్సన్ అక్కడి వాతావరణం కూడా దిగుమతి చేసి ఉంటే బాగుండేదని అప్పట్లో జనం ఎగతాళి చేసేవారట.

1960ల్లో హోటల్ మూతపడింది. గదుల్ని అడ్డంగా నిలువుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ వేరే దారి పెట్టి, అద్దెలకిచ్చారు. 2005 నాటికి లోపల 53 కుటుంబాలు, 97 వ్యాపార సంస్థలు ఉన్నాయి. కోర్టులు పక్కనే కాబట్టి వాటిలో ఎక్కువ భాగం లాయర్ల చాంబర్లే. ఒక గదిలో కేసు ఫైలు తయారవుతుంటే పక్క గదిలో కుక్కర్ విజిల్ వినిపించేది.

ఇంగ్లండులో తయారు చేసి ఓడలో తెచ్చారంటారు. నిజమేనా?

నిజమే. ఈ భవనం విలువలో సగం ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

డిజైన్ చేసింది రోలాండ్ మేసన్ ఆర్డిష్ అనే ఇంజినీరు. ఈయన ఆర్కిటెక్టు కాదు, ఇనుప నిర్మాణాల లెక్కలు వేసే మనిషి. 1851 లండన్ ప్రదర్శన కోసం ఇనుము, గాజుతో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ పనిలో ఉన్నాడు. లండన్ సెయింట్ పాంక్రస్ రైల్వే స్టేషన్ మీది భారీ ఇనుప కప్పు రూపకల్పనలోనూ ఆయన చెయ్యి ఉంది. థేమ్స్ నది మీది ఆల్బర్ట్ బ్రిడ్జి ఆయనదే.

స్తంభాలు, దూలాలు, కమ్మీలు డార్బీ పట్టణంలోని ఫీనిక్స్ ఫౌండ్రీలో పోశారు. వాటిని ఓడకెక్కించి బొంబాయి రేవులో దించి, 1867-69 మధ్య ఇక్కడ బోల్టులతో బిగించి నిలబెట్టారు. ఆ రోజుల్లో మామూలుగా భవనం కట్టడమంటే సైటులోనే రాయి చెక్కడం, సున్నం కలపడం, గోడ లేపడం. ఇక్కడ కొలతలన్నీ వేల మైళ్ల అవతల ఖరారైపోయాయి. ఒక్క దూలం రెండంగుళాలు పొట్టిగా వచ్చిందంటే ఇక్కడ సరిచేసే మార్గం దాదాపు లేదు. ఇప్పుడు ప్రీ ఫ్యాబ్ పేరుతో వారాల్లో షెడ్లు లేపుతున్నారే, ఆ ఆలోచనని ఐదంతస్తుల భవనానికి 150 ఏళ్ల కిందటే, అదీ సముద్రాలు దాటించి, చేసి చూపించారు.

అంత ఖర్చు పెట్టి బొంబాయిలోనే ఎందుకు కట్టారు?

పత్తి డబ్బు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలవడంతో ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. మన పత్తికి ధర ఆకాశాన్నంటింది. బొంబాయి వ్యాపారుల చేతుల్లోకి ఊహించనంత డబ్బు వచ్చింది. అదే సమయంలో గవర్నర్ బార్టిల్ ఫ్రెర్ పాత కోట గోడలు కూలగొట్టించాడు. గోడ పోయాక బయటి ఖాళీ మైదానం, అంటే ఎస్ప్లనేడ్, ప్లాట్లుగా వేలానికి వచ్చింది. వాట్సన్ కొన్నది అలాంటి స్థలమే.

1865లో యుద్ధం అయిపోగానే ఆ బుడగ పేలింది, ఎంతోమంది దివాలా తీశారు. ఈ హోటల్ మాత్రం పైకి లేచింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఓడల్లో వచ్చే ప్రయాణికులు పెరిగారు, గదులు నిండాయి.

ఇనుముతో కట్టడంలో అంత గొప్పేముంది? ఇప్పుడు అన్నీ స్టీలుతోనే కడుతున్నారుగా?

అందుకే గొప్ప. రాతి భవనంలో, ఇటుక భవనంలో బరువు మోసేది గోడ. పైకి వెళ్లే కొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి కింది గోడలు మందంగా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి. ఎస్ప్లనేడ్ మాన్షన్‌లో బరువంతా ఇనుప చట్రం మీద ఉంటుంది. స్తంభం మీద దూలం, దూలం మీద ఇంకో స్తంభం. మధ్యలో ఉన్న ఇటుక ఉత్త అడ్డుగోడ. ఇప్పుడు హైదరాబాద్ గచ్చిబౌలిలో లేచే టవర్ కూడా ఇదే సూత్రం మీద నిలబడుతుంది. ఇనుము స్థానంలో స్టీలు, కాంక్రీటు వచ్చాయంతే.

ఆ రోజుల్లో ఇనుప చట్రం ఉన్నా దాన్ని బయటికి కనిపించనిచ్చేవాళ్లు కాదు. రాయి తొడుగు వేసి, గోపురాలు పెట్టి, పాత కాలపు మహల్‌లా ముస్తాబు చేసేవాళ్లు. ఇక్కడ మాత్రం చట్రమే బయటి ముఖం. రోడ్డుకి అవతల ఎదురుగా విశ్వవిద్యాలయం గోతిక్ శైలిలో రాతి చెక్కడాలతో మెరిసిపోతుంటే, ఇది తన ఎముకలు తానే చూపించుకుంటూ నిలబడింది. అప్పటివాళ్లలో చాలామందికి ఇది నచ్చలేదు. నాకైతే ఆ వీధి మొత్తంలో నిజాయితీగా కనిపించేది ఇదొక్కటే.

మన దేశంలో మొదటి సినిమా ఇక్కడే వేశారా?

అవును. 1896 జులై 7న, సినిమాటోగ్రాఫ్ అనే సినిమా యంత్రం తయారుచేసిన ఫ్రెంచి లూమియేర్ సోదరుల మనిషి మారియస్ సెస్టియే ఈ హోటల్లో దాని ప్రదర్శన ఇచ్చాడు. టికెట్టు రూపాయి. ఆరు చిన్న చిత్రాలు: రైలు స్టేషన్‌లోకి రావడం, ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు బయటికి రావడం, సముద్ర స్నానం లాంటివి. వాటిలో ఒకటి గోడ కూల్చివేత. ఈ భవనానికి తర్వాత పట్టిన గతి చూస్తే, ఆ ఒక్కటీ ఏరికోరి వేసినట్టుంది.

వారం తర్వాత ప్రదర్శనలు నావెల్టీ థియేటర్‌కి మారాయి. అక్కడ తక్కువ ధర టికెట్లు పెట్టడంతో మామూలు జనం వచ్చారు. కాబట్టి మొదటి తెర వాట్సన్స్‌ది, మన ప్రేక్షకులు మాత్రం నావెల్టీ వాళ్లు. సినిమా అంటే ప్రాణం పెట్టే మన తెలుగువాళ్లకి ఈ భవనంతో చుట్టరికం కలుపుకోవడానికి ఈ సాకు చాలనుకుంటా.

జంషెడ్జీ టాటాని ఈ హోటల్లోకి రానివ్వలేదని, ఆ కోపంతోనే తాజ్ కట్టారని విన్నాం?

అందరూ విన్నదే. వాట్సన్స్ తెల్లవాళ్లకు మాత్రమే అన్న మాట ప్రచారంలో ఉంది. తాజ్ 1903లో తెరుచుకుంది, ఆ తర్వాత వాట్సన్స్ వెలవెలబోయింది. ఇంతవరకు బాగానే ఉంది. అవమానం, పంతం కథకి మాత్రం గట్టి ఆధారం లేదని చాలామంది చరిత్రకారులు అంటారు. ప్లేగు తర్వాత బొంబాయికి మళ్లీ పేరు రావాలని, ఊరికి తగ్గ హోటల్ కావాలని టాటా అనుకున్నారనేది ఇంకా నమ్మదగ్గ కారణం.

వారసత్వ విలువ లెక్కలో ఇలాంటి కథల్ని పక్కన పెట్టడమే మంచిది. కథ అబద్ధమని రేపు ఎవరైనా తేలిస్తే, దాన్ని చూపించి భవనాన్నే తీసేయొచ్చనేవాళ్లు బయల్దేరతారు.

అమెరికా రచయిత మార్క్ ట్వైన్ ఇక్కడ ఉన్నది నిజమేనా?

నిజం. 1896లో ఉపన్యాసాల యాత్రలో భాగంగా వచ్చి ఇక్కడ దిగాడు. బొంబాయి కాకుల అల్లరి గురించి తన ప్రయాణ పుస్తకంలో సరదాగా రాసుకున్నాడు. ఆ కాకుల వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, అద్దె కూడా కట్టకుండా.

అంత గొప్ప భవనం ఇంత అధ్వాన్నంగా ఎలా తయారైంది? యజమాని నిర్లక్ష్యమా?

నిర్లక్ష్యం ఉంది. కానీ తప్పంతా ఒక్కరి నెత్తిన వేస్తే అసలు జబ్బు కనపడదు.

బొంబాయి అద్దెల నియంత్రణ చట్టం 1947లో వచ్చింది. యుద్ధం, దేశ విభజన, ఊరి మీద పడ్డ జనం. అప్పుడు అద్దెదారుల్ని రోడ్డున పడకుండా కాపాడటానికి అలాంటి చట్టం అవసరమే. అద్దెల్ని దాదాపు 1940 నాటి స్థాయి దగ్గర ఆపేశారు. దశాబ్దాలు గడిచాయి, ఇసుక ధర పెరిగింది, ఇనుము ధర పెరిగింది, మేస్త్రీ కూలి పెరిగింది. అద్దె మాత్రం కదల్లేదు. 1999లో కొత్త చట్టం తెచ్చినా పాత అద్దెదారుల విషయంలో పెద్ద మార్పు రాలేదు. దీనికి తోడు పగడీ పద్ధతి. గది చేతులు మారేటప్పుడు పెద్ద మొత్తం ముట్టజెప్పి, ఆ తర్వాత నెలకి నామమాత్రపు అద్దె కట్టడం. అద్దెదారు సగం యజమాని, యజమాని సగం ప్రేక్షకుడు.

ఇలాంటి ఇంట్లో మరమ్మతుకి డబ్బు ఎవరు తీస్తారు? వచ్చే అద్దె పెయింటుకి కూడా చాలదని యజమాని అంటాడు. భవనం నాది కాదు కదా అని అద్దెదారు అంటాడు. మరమ్మతుల కోసం ప్రభుత్వం 1969లో ప్రత్యేక చట్టం చేసి, పాత భవనాల మీద సెస్సు వేసి, బోర్డు పెట్టింది. ఆ డబ్బు ఊళ్లోని వేలాది పాత భవనాలకు పంచితే ఒక్కోదానికి వచ్చేది అతుకులకే సరి. అందులోనూ పోత ఇనుము బాగు చేయడం తెలిసిన పనివాళ్లు వేరు, మామూలు కాంట్రాక్టర్లు వేరు.

ఈ భవనం మీద నాకున్న అభిప్రాయం ఒక్కటే, దాన్ని ఇక్కడే చెప్పేస్తాను. దీన్ని పాడు చేసింది చరిత్ర పట్ల అజ్ఞానం కాదు, దీని విలువ అందరికీ తెలుసు. బాగు చేయించే బిల్లు ఎవరి పేరు మీద రాయాలన్న లెక్క ఎప్పుడూ తేలలేదు.

హోటల్ని ముక్కలు చేసి గదులు పెట్టుకున్నవాళ్లు వారసత్వాన్ని చెడగొట్టినట్టే కదా?

చాలామంది నిపుణులు అలాగే మాట్లాడతారు. పార్టిషన్లు పీకేసి, 1871లో ఎలా ఉందో అలా చూపించాలంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను.

ఈ భవనం హోటల్‌గా బతికాక, యాభై ఏళ్లకు పైగా చాంబర్లు-కాపురాల భవనంగా కూడా బతికింది. కొత్తగా నల్లకోటు వేసుకున్న లాయరుకి హైకోర్టుకి నడిచెళ్లే దూరంలో నాలుగడుగుల బల్ల పట్టే చోటు ఇచ్చింది. టైపింగ్ చేసేవాళ్లు, జిరాక్స్ తీసేవాళ్లు, టీ అందించే కుర్రాళ్లు దీన్ని నమ్ముకుని బతికారు. డ్యాన్సు హాలు చరిత్ర అయితే ఇదీ చరిత్రే.

అలాగని వాళ్లు చేసిన నష్టం లేదని కాదు. అటకలు వేశారు, కొత్త గోడలు లేపారు, నీళ్ల ట్యాంకులు, టాయిలెట్లు పెట్టారు. ఇవన్నీ చట్రం మీద అదనపు బరువు, అదనపు తేమ. గాజు కప్పు కింది హాలు చెత్త పడేసే చోటైంది. వాడుకని గౌరవించాలి, ఈ బరువుల్ని మాత్రం దించాలి. రెండూ వేర్వేరు సంగతులు.

ఈ భవనం గ్రేడ్ 2ఏ వారసత్వ కట్టడం అంటారు. అంటే ఏంటి?

ముంబై 1995లో వారసత్వ నిబంధనలు తెచ్చింది, దేశంలో ఈ పని చేసిన మొదటి నగరం అదే. అందులో గ్రేడ్ 1, 2ఏ, 2బీ, 3 అని ఉంటాయి. గ్రేడ్ 1 అయితే బలపరచడానికి తప్ప లోపలా బయటా చెయ్యి పెట్టకూడదు. 2ఏలో లోపలి మార్పులు, కొత్త వాడుకలు గట్టి పరిశీలన తర్వాత ఒప్పుకుంటారు, భవనం ప్రత్యేకతలు చెడకూడదు. 2బీ అయితే అదే స్థలంలో అదనపు కట్టడానికి కూడా కొంత వీలుంటుంది. ఎస్ప్లనేడ్ మాన్షన్ 2ఏ. వారసత్వ కమిటీ చూడకుండా పెద్ద పనులేవీ చేయడానికి లేదు.

యజమానికి పోయిన కట్టుబడి హక్కుకి బదులుగా టీడీఆర్ (ఇక్కడ కట్టలేకపోయిన మేర వేరేచోట వాడుకునే లేదా అమ్ముకునే హక్కు) ఇచ్చే వెసులుబాటు కూడా ఈ నిబంధనల్లో ఉంది. వాటిల్లో కాస్త పనికొచ్చేది ఇదే, ఎందుకంటే ఇది డబ్బు గురించి మాట్లాడుతుంది.

యునెస్కో గుర్తింపు ఉంటే ఇంకెందుకు బెంగ?

2018లో ముంబై విక్టోరియన్ గోతిక్, ఆర్ట్ డెకో కట్టడాల సముదాయం ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఈ భవనం ఉన్నది ఆ పరిసరాల్లోనే. మరుసటి ఏడాదే దీన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది.

అంతకుముందు సంగతి ఇంకా విచిత్రం. 2005 జూన్‌లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న 100 కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. జులై మొదట్లోనే బాల్కనీల్లో కొంత భాగం కూలి ఒకరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. జాబితా వాళ్ల అంచనా తప్పలేదు. కానీ జాబితా అన్నది బెల్లు కొట్టగలదు, సిమెంటు బస్తా మోయలేదు.

ఇనుము అంత గట్టిది కదా, ఎందుకు కూలుతోంది?

పోత ఇనుము పైనుంచి నొక్కే బరువుని బాగా మోస్తుంది. నిలువు స్తంభంగా పెడితే ఇబ్బంది లేదు. కానీ లాగినా వంచినా పెళుసుగా విరిగిపోతుంది. అది కూడా ముందు వంగి హెచ్చరించి కాదు, టక్కున. అందుకే ఆ కాలపు ఇంజినీర్లు స్తంభాలకి పోత ఇనుము, లాగుడు పడే దూలాలకి చేత ఇనుము (కొట్టి సాగదీసిన ఇనుము) వాడేవారు. బయటికి తన్నుకొచ్చిన బాల్కనీ దగ్గర ఈ లాగుడు ఎక్కువ. కూలినవి బాల్కనీలు కావడం యాదృచ్ఛికం కాదు.

ఇక తుప్పు. ముంబై అంటే ఉప్పు గాలి, నాలుగు నెలల వాన. కట్టుబడి లోపల ఇరుక్కున్న ఇనుము తుప్పు పడితే అది ఉన్న పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది. కట్టెలు చీల్చేటప్పుడు సందులో దిగ్గొట్టే చీల ఏం చేస్తుందో ఈ తుప్పు అదే చేస్తుంది. ఇటుక పగులుతుంది, పగుల్లోంచి ఇంకా నీళ్లు దిగుతాయి, తుప్పు ఇంకా పెరుగుతుంది. బయట రంగు వేసి ఉన్న స్తంభం కన్నా, టాయిలెట్ పైపు కారే చోట గోడ లోపల ఉన్న దూలం చివర గురించే భయపడాలి. చెక్క, ఇటుక అంతస్తుల్లో ఏళ్ల తరబడి తడి దిగితే చట్రం బాగున్నా నేల కుంగుతుంది.

కూల్చేయాలన్నారా, బాగు చేయొచ్చన్నారా?

రెండూ అన్నారు. 2018లో ఇంకోసారి బాల్కనీ భాగం పడింది. వ్యవహారం బొంబాయి హైకోర్టుకి వెళ్లింది, 2019లో లోపలివాళ్లందర్నీ ఖాళీ చేయించారు. ఐఐటీ బాంబే నిపుణుల నివేదిక, బాగు చేయడం గిట్టుబాటు కాదు, కూల్చడమే మేలన్న ధోరణిలో వచ్చింది. వారసత్వ పరిరక్షణ ఆర్కిటెక్టులు, కొందరు ఇంజినీర్లు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. చట్రం పనికొస్తుంది, పాడైన భాగాలు మార్చి నిలబెట్టవచ్చన్నారు.

చదివే మనకి ఇందులో గమనించాల్సింది ఒకటుంది. 'బాగు చేయడం కుదరదు' అనేది ఇంజినీరింగ్ మాట. 'బాగు చేయడం గిట్టదు' అనేది ఖాతాపుస్తకం మాట. పేపర్లలో వచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి. ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించిన భవనానికి ఒక అదృష్టం ఉంది. విరిగిన ముక్కని విప్పి, అదే కొలతతో కొత్తది పోయించి, మళ్లీ బిగించవచ్చు. రాతి గోపురం కన్నా ఇది తేలిక. ఖర్చు ఎక్కువే, కాదనను.

ముందు భాగం ఉంచేసి వెనక కొత్త టవర్ కడితే అందరికీ మంచిదేగా?

చాలా పాత భవనాల్లో ఈ రాజీ నడుస్తుంది. ఇక్కడ నడవదు. ఈ భవనంలో విలువైనది ముఖం కాదు, చట్రం. బయటి స్తంభాలు ఉంచి లోపలి చట్రం తీసేస్తే మిగిలేది ఫొటోలకి పనికొచ్చే తెర.

అచ్చం అలాగే కొత్తది కట్టొచ్చు కదా?

కట్టొచ్చు. అప్పుడది ఇప్పటి భవనం అవుతుంది.

అద్దెదారుల సంగతి ఏంటి?

వారసత్వం గురించి జరిగే చర్చల్లో వీళ్ల మాట చివర్లో వస్తుంది. ఖాళీ చేయించిన రోజు చాలామందికి ఉన్న టెన్షన్ భవనం గురించి కాదు, ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ ఈ చోటు దక్కుతుందా అని. ముంబైలో మరమ్మతు పేరుతో వెళ్లి తాత్కాలిక శిబిరాల్లో దశాబ్దాలు గడిపినవాళ్లు ఉన్నారు. అందుకే ప్రమాదమని నోటీసు వచ్చినా జనం కదలరు. బయటివాళ్లకి అది మొండితనంగా కనిపిస్తుంది. తిరిగి రావడానికి రాతపూర్వక హామీ, పనికి గడువు ఉంటే సగం మంది వాళ్లంతట వాళ్లే తాళం చేతులు ఇచ్చేస్తారు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి కింద షాపు, పైన ఇల్లు భవనాలు ఉన్నాయా?

బోలెడు. హైదరాబాద్ పత్తర్‌గట్టినే తీసుకోండి. 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు ఊరిని కుదిపేశాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. చార్‌కమాన్ నుంచి మూసీ వైపు వెళ్లే దారికి రెండు పక్కలా ఆ బోర్డు కట్టించిన రాతి కమానుల వరసలే పత్తర్‌గట్టి. కింద నడవా, దుకాణాలు. పైన గదులు. పెళ్లి బట్టలకనో ముత్యాలకనో మీరు వెళ్లే ఉంటారు. ఈసారి బేరం ఆడుతూ ఒకసారి పైకి చూడండి. సైన్‌బోర్డుల వెనక రాతి పని కనిపిస్తుంది.

మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది, ఈమధ్య శుభ్రం చేసి బాగు చేశారు. అది ప్రభుత్వ ఆస్తి కాబట్టి పని సాగింది. పదిమంది వాటాదార్లు, ఇరవైమంది కిరాయిదార్లు ఉన్న భవనానికి అదే సూత్రం పనిచేయదు.

ముంబైతో మనకి ఇంకో ముడి కూడా ఉంది. నిజాం రాజ్యం నుంచి వెళ్లి అక్కడ కట్టుబడి పనులు చేసిన తెలుగు కూలీలు కామాఠీలు. కామాఠీపురాకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఆ ఊరి గోడల్లో మనవాళ్ల చెమట ఉంది.

మన దగ్గర చట్టం ఏం చెబుతోంది?

హైదరాబాద్‌లో పాత కట్టడాల జాబితాకి రక్షణగా ఉండిన జోనింగ్ నిబంధనని 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. అంటే చట్టంలో సందుంటే కోర్టు మెట్లెక్కడమే దారి అవుతోంది. పురావస్తు శాఖల చట్టాలు కోటలు, గుళ్ల వంటి వాటికి సరిపోతాయి. మనుషులు కాపురం ఉండే, వ్యాపారం చేసే ఇంటికి అవి సరిగ్గా అతకవు.

మా తాతల నాటి షాపు-ఇల్లు ఉంది. పడగొట్టి కాంప్లెక్స్ కట్టమని అందరూ అంటున్నారు. ముందు ఏం చేయాలి?

ముందు కాగితాలు. దస్తావేజులు, లింక్ డాక్యుమెంట్లు, పాత పన్ను రసీదులు, కిరాయి ఒప్పందాలు ఒకచోట చేర్చండి. కట్టిన ఏడాది, మేస్త్రీ పేరు, కలప ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ సరుకు అమ్మారు అన్నవి ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పదేళ్ల తర్వాత చెప్పేవాళ్లు ఉండరు. ప్రతి గది, తలుపు, దూలం ఫొటో తీయండి.

తర్వాత నీళ్లు. పాత ఇల్లు వయసుతో పడదు, తడితో పడుతుంది. మిద్దె మీద నీరు నిలిచే చోటు, గోడలో మొలిచిన రావి మొక్క, కారే పైపు. ఈ మూడూ చూసుకుంటే ఇంటికి చాలా ఏళ్లు కలిసొస్తాయి. రావి మొక్కని పైపైన తుంచితే లాభం లేదు, వేరు పోవాలి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గానుగ సున్నంతో కట్టిన గోడకి సిమెంటు పూత పూయిస్తారు. సున్నం గోడ లోపలి తేమని బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. మొదటి ఏడాది గోడ నున్నగా మెరుస్తుంది, ఆ తర్వాత పొరలు పొరలుగా ఊడి లోపలి ఇటుకని పొడి చేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, గుళ్లు బాగు చేసేచోట వాకబు చేయండి.

ఇంజినీరుని పిలిచేటప్పుడు పాత కట్టడాల మీద పనిచేసినాయన్నే పిలవండి. కొత్త అపార్ట్‌మెంట్లు కట్టే ఆయన మీ టేకు దూలం చూసి 'ఇది ఆగదండీ' అంటాడు, ఆయన లెక్కలు కాంక్రీటువి. వారసత్వ కట్టడాల పరిరక్షణ కోసం 1984లో మొదలైన ఇంటాక్ సంస్థకి హైదరాబాద్, విశాఖపట్నంలో చాప్టర్లు ఉన్నాయి, సలహాకి అక్కడ అడగొచ్చు.

చివరగా వాటాదార్లు, కిరాయిదార్లని కూర్చోబెట్టి నెలకి ఇంత అని మరమ్మతు నిధి పెట్టండి, తెల్లకాగితం మీద అయినా రాసుకోండి. అన్నదమ్ముల మధ్య ఈ సంభాషణ ఇబ్బందిగానే ఉంటుంది. కోర్టులో కన్నా ఇంట్లో నయం.

కింది షాపు కిరాయికిస్తే, పైన మేముంటే భవనం విలువ తగ్గుతుందా?

తగ్గదు. తాళం వేసిన ఇల్లే ముందు పడుతుంది. రోలింగ్ షట్టర్ కోసం పాత చెక్క తలుపులు పీకించకుండా, బోర్డు కమానుకి అడ్డం రాకుండా కిరాయి ఒప్పందంలోనే రాయించండి.

ఎస్ప్లనేడ్ మాన్షన్‌ని చూడాలంటే?

బయటి నుంచే చూడాలి, బాల్కనీల కింద నిలబడొద్దు. రోడ్డు దాటి విశ్వవిద్యాలయం వైపు ఫుట్‌పాత్ మీద నిలబడితే చట్రం మొత్తం కంటికి అందుతుంది. పొద్దున పదికి ముందు వెళ్లండి, కోర్టులు మొదలయ్యాక ఆ సందుల్లో నిలబడటానికి చోటుండదు. చర్చ్‌గేట్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.